తంగేడు: చెక్క నుండి పూవు వరకు

బతుకమ్మ పండుగ దినములలో హైదరాబాదులోని గుడిమల్కాపూరు పూల మార్కెట్టునకు తోటలలో పండిన బంతి, చేమంతులతోపాటు తంగేడు, గునుగు పూలును వచ్చును. ఈ రెండింటిని సాధారణముగా ఎవరును సాగుచేయరు. పల్లెలవారు చిట్టడవులలోను, గుట్టల వాలులలోను, బీళ్లలోను కోసి తెత్తురు. పెట్టుబడి లేనివారికి ఇది పండుగ పూట నాలుగు రూకలు తెచ్చు పని. అయితే ప్రకృతి ఇచ్చుదానిని ఎంతవరకు తీసికొనవచ్చును? తంగేడు చరిత్రయే ఇందుకు కొంత సమాధానము చెప్పును.

పూర్వము తంగేడునకు వెల తెచ్చినది పూవు కాదు, చెక్క. ఎండిన చెక్కలో నూటికి సుమారు 18 పాళ్లు టానిన్ ఉండును. ఇది పచ్చితోలులోని మాంసకృత్తులతో కలిసి, తోలు కుళ్లకుండ చేయును. 19వ శతాబ్దిలో మద్రాసునుండి ఇంగ్లండుకు ఎగుమతియైన తోళ్లలో పెక్కు దీనితో పదును చేసినవే. చెక్క ఒలిచిన కొమ్మ చచ్చును. కాని మొదలు మిగిల్చి నరికినచో మరల చిగుళ్లు వచ్చును. వేళ్లతో పెరికినచో పొదయు, దానితో మరుసటి యేటి కూలియు పోవును.

20వ శతాబ్దిలో దక్షిణాఫ్రికానుండి దిగుమతియైన వాటిల్ చెక్క తంగేడును వెనుకకు నెట్టినది. అందు టానిన్ 30 పాళ్లకు మించును. 1946లో భారతదేశము దక్షిణాఫ్రికాతో వర్తకమును నిషేధించినది. స్వాతంత్ర్యానంతరము నీలగిరులలోను, పళని కొండలలోను వాటిల్ తోటలు విస్తరించినవి. ఆస్ట్రేలియాకు చెందిన ఆ చెట్టు అచ్చటి సహజమైన పచ్చికబయళ్లను ఆక్రమించినది. నేడు దానిని తొలగించుటకు శ్రమించుచున్నారు. కావున ఒక అడవి వస్తువును వాడుట మానినంతమాత్రమున ప్రకృతికి మేలు కలుగునని చెప్పజాలము.

2014లో తెలంగాణ ప్రభుత్వము తంగేడును రాష్ట్ర పుష్పముగా ప్రకటించినది. పూవు కోసినందున పొద చావదు. కాని పూవే కాయ యగును, కాయలోనే విత్తు ఉండును. పూలన్నియు కోసిన పొదకు ఆ యేడు విత్తనము లేదు. ఏకవార్షికమైన గునుగునకు విత్తనమే ఆధారము. కావున ప్రతి పొదయందును కొన్ని గుత్తులు విడిచిపెట్టుట కోసెడివారికే లాభము. అయినను భారమంతయు వారిపై మోపుట న్యాయము కాదు. నగరము పెరిగినకొలది బీళ్లు ఇండ్ల స్థలములగుచున్నవి. పొద నిలుచుటకు నేలయే లేనిచో కోతలోని జాగ్రత్త ఏమి చేయగలదు?

ఉపాధ్యాయులు ఈ విషయమును విద్యార్థులచే స్వయముగా పరిశీలింపజేయవచ్చును. పండుగ ముగిసిన కొన్ని వారములకు, పూలు కోసిన పొదలయందును, కోయని పొదలయందును కాయలను లెక్కింపజేసిన చాలును.