అయస్కాంతంపై అంకెలు: కంప్యూటర్ జ్ఞాపకశక్తి తొలినాళ్ల చరిత్ర

సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో లెక్కలన్నీ నడపవచ్చునని జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703లో ప్రచురించిన వ్యాసంలో వివరించినప్పటికీ, ఆ ద్విసంఖ్యామానం యంత్రాలకు ఆధారం కావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఆ అంకెలను భద్రపరచడానికి అయస్కాంతం తగినదని తేలడానికి కారణం దాని స్వభావమే: ఇనుము కలిసిన కొన్ని పదార్థాలు, విద్యుత్ ప్రవాహం వల్ల తమకు కలిగిన అయస్కాంతత్వాన్ని ఆ ప్రవాహం ఆగిన తరువాత కూడా అదే దిశలో నిలుపుకుంటాయి. డెన్మార్క్ ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లోనే ఈ గుణంతో ఉక్కు తీగపై శబ్దాన్ని నమోదు చేశాడు. శబ్దానికి హెచ్చుతగ్గులన్నీ యథాతథంగా నిలవాలి. అంకెలకైతే ఒక దిశ ఒకటికీ, ఎదురు దిశ సున్నాకూ గుర్తుగా ఉంటే చాలు కనుక, చిన్న చిన్న లోపాల వల్ల సమాచారం చెడదు.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జే ఫారెస్టర్ బృందం 1953లో వర్ల్‌విండ్ కంప్యూటర్‌కు అమర్చిన కోర్ మెమరీలో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఫెర్రైట్ అనే పింగాణీ వంటి అయస్కాంత పదార్థంతో చేసిన చిన్న ఉంగరాలను, నిలువు తీగలూ అడ్డ తీగలూ కలిసే ప్రతిచోటా ఒక్కొక్కటిగా గుచ్చేవారు. దిశ మారడానికి కావలసిన విద్యుత్తులో సగం నిలువు తీగలోను, సగం అడ్డ తీగలోను పంపితే, అవి రెండూ కలిసే చోటి ఉంగరం ఒక్కటే దిశ మార్చుకునేది. చదవడానికి ఉంగరాన్ని సున్నా వైపు తిప్పేవారు. అప్పటిదాకా అందులో ఒకటి ఉండి ఉంటే, తిరిగేటప్పుడు వేరొక తీగలో చిన్న విద్యుత్ స్పందన పుట్టేది. ఈ పద్ధతిలో చదవడమంటే చెరపడమే కనుక, చదివిన అంకెను వెంటనే మళ్లీ రాయవలసి వచ్చేది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో భారతీయులే నిర్మించి, 1960లో వినియోగంలోకి తెచ్చిన టిఫ్రాక్ కంప్యూటర్‌లోనూ ఇటువంటి మెమరీయే ఉండేది. దాని సామర్థ్యం 2,048 పదాలు, ఒక్కో పదానికి 40 బిట్లు, అంటే 40 ద్విసంఖ్యామాన అంకెలు.

ఐబీఎం సంస్థ 1956లో విడుదల చేసిన రామాక్ యంత్రంలో, ఐరన్ ఆక్సైడ్ పూత పూసిన 24 అంగుళాల డిస్కులు 50 తిరుగుతూ, 50 లక్షల అక్షరాలను భద్రపరచేవి. నేటి హార్డ్ డిస్కుకు మూలరూపం అదే. డిస్కుపై అక్షరమూ అంకెల రూపంలోనే ఉంటుంది: అక్షరాలకు సంకేతాలను నిర్ణయించే యూనికోడ్ ప్రమాణం ప్రకారం 'అ' అక్షరానికి 16 బిట్లలో రాసే సంకేతం 0000110000000101. నేటి తెలుగు గ్రంథాల డిజిటల్ ప్రతులన్నీ చివరికి ఇటువంటి అంకెల వరుసలే.

అయితే అయస్కాంతత్వం కాలక్రమంలో క్షీణిస్తుంది, చదివే యంత్రాలూ పాతబడతాయి. శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలను లేఖకులు కొత్త ఆకులపైకి ఎత్తిరాసినట్లే, గ్రంథాలయాలూ ప్రాచ్యలిఖిత భాండాగారాలూ తమ డిజిటల్ ప్రతులను ఎప్పటికప్పుడు కొత్త డిస్కులకు ఎత్తిరాయించే ఏర్పాటు తప్పక చేసుకోవాలి.