వరి మళ్లలో రోవ్ పెంకు పురుగు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతంలో వరి ప్రధానంగా చెరువుల ఆయకట్టులోనే పండిన కాలంలో, కందూరు చోళుల నాటి పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువుల కింది తడి మళ్లు రోవ్ పెంకు పురుగులకు, అంటే పైరెక్కల పెంకు పొట్టిగా ఉండి పొట్ట బయటికి కనిపించే సన్నని పురుగులకు, అనువైన ఆవాసాలుగా ఉండేవి. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడిగా పనిచేసిన మాల్కం కామెరాన్ 1930 నుంచి 1939 వరకు భారతదేశపు రోవ్ పురుగులపై వెలువరించిన సంపుటాలలో హిమాలయాలకు, నీలగిరులకు పెద్దపీట దక్కింది. దక్కను మెట్టభూములకు కూడా అంతటి శ్రద్ధ దక్కవలసింది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో నల్లగొండలో వరి విస్తరించింది. వరిలో తరచుగా కనిపించే పెడరస్ ఫస్కిపెస్ అనే రోవ్ పురుగు సుమారు 7 మిల్లీమీటర్ల పొడవుంటుంది. తల నలుపు, రొమ్ము నారింజ, పైరెక్కలు నీలి మెరుపు. బెదిరితే తోక పైకెత్తి దుబ్బుల మధ్య పరుగెత్తే ఈ పురుగు పైరు రసాన్ని పీల్చే సుడిదోమ పిల్లలను తిని రైతుకు మేలు చేస్తుంది. దాని శరీరద్రవంలోని పెడరిన్ అనే విషాన్ని ఇటలీ శాస్త్రజ్ఞులు 1953లో వేరుచేయగా, దానిని తయారుచేసేది పురుగులో నివసించే బ్యాక్టీరియా అని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

దీపపు వెలుగుకు వచ్చి వాలిన పురుగు ఒంటిమీద నలిగితే మరునాటికి చర్మం మండి పొక్కులు లేస్తాయి కనుక, దానిని చంపకుండా ఊది తోసివేసి, ఆ చోటును సబ్బుతో కడుక్కోవాలి.