రాజును త్యజించి రాజులైనవారు

నేడు నెదర్లాండ్స్ సింహాసనము నధిష్ఠించియున్న రాజవంశమునకు పేరిచ్చిన ఆరెంజి ఆ దేశములోనిది కాదు; దక్షిణ ఫ్రాన్సున రోన్ నదికి చేరువనున్న యొక చిన్న సంస్థానము. ఆ వంశమునకు మూలపురుషులైన నాసో ప్రభువుల కోట డిల్లెన్‌బర్గు జర్మనీలోనిది. 1544లో ఆరెంజి ప్రభువైన రెనే నిస్సంతుగా యుద్ధమున మరణింపగా, ఆ సంస్థానమును, నెదర్లాండ్స్ నందలి విస్తారమైన భూములును దాయాదియగు పదునొకండేండ్ల విలియమునకు సంక్రమించెను. లూథరు మతానుయాయుల యింట పుట్టిన యా బాలుడు కాథలిక్కుగా పెరుగవలెనను నియమముపై ఐదవ చార్లెస్ చక్రవర్తి యా వారసత్వము నంగీకరించెను.

అట్లు రాజాస్థానమున పెరిగిన విలియమే, చార్లెస్ కుమారుడును, నెదర్లాండ్స్‌కును ప్రభువునగు స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్పు మతపీడనము దుస్సహము కాగా, 1568లో సైన్యమును గూర్చి తిరుగుబాటునకు నాయకుడయ్యెను. 1581లో తిరుగబడిన రాష్ట్రముల ప్రతినిధులు, ప్రభువు ప్రజల కొఱకే గాని ప్రజలు ప్రభువు కొఱకు గారనియు, పీడకుడైన ప్రభువును విడనాడుట న్యాయమనియు ప్రకటించి ఫిలిప్పును త్యజించిరి. 1584 జూలై 10న డెల్ఫ్టులోని తన నివాసముననే విలియము హంతకుని తుపాకికి బలియయ్యెను.

విలియము వహించిన స్టాట్‌హోల్డరు పదవి తొలుత రాజప్రతినిధిది. రాజు తొలగినను ప్రతినిధి పదవి మాత్రము నిలిచినది, కాని దాని నొసగువారు రాష్ట్రసభలవారైరి. 1650లోను, 1702లోను ఆ పదవి ఖాళీ కాగా, హాలండు మొదలగు రాష్ట్రములు దానిని దశాబ్దముల కొలది పూరింపకయే పాలన సాగించినవి. 1689లో ఇంగ్లండునకు రాజైన మూడవ విలియము సైతము స్వదేశమున రిపబ్లిక్కు ఉద్యోగియే. అతడు సంతానహీనుడై గతింపగా, వంశము తొలి విలియము సోదరుని సంతతివలన కొనసాగెను. ఆ శాఖకు చెందిన నాల్గవ విలియము కాలమున, 1747లో, పదవి సర్వరాష్ట్రములందును వంశపారంపర్యమయ్యెను.

1795లో ఫ్రెంచిసేనలు దేశము నాక్రమింపగా ఐదవ విలియము ఇంగ్లండునకు పారిపోయి, డచ్చి వలసస్థానములను ఆంగ్లేయుల రక్షణమున కొప్పగింపుడని అధికారులకు లేఖలు వ్రాసెను. అతని కుమారుడు 1813లో షెవెనింగెన్ తీరమున దిగి, 1815లో మొదటి విలియముగా రాజయ్యెను. ఆతని యేలుబడిలో జరిగిన 1824 సంధివలననే మన తీరమందలి భీమునిపట్టణము, జగన్నాథపురము మొదలగు డచ్చి స్థానములు ఆంగ్లేయుల పరమైనవి. 1830లో ఆతని రాజ్యమునుండి బెల్జియము విడిపోయెను. 1848 నాటి రాజ్యాంగము పాలనాభారమును మంత్రుల కప్పగించినది. 1890 మొదలు 2013 వఱకు విల్హెల్మినా, యూలియానా, బియాట్రిక్సు అను రాణులే వరుసగా సింహాసన మెక్కిరి; ఇప్పటి రాజు విల్లెం అలెగ్జాండరు బియాట్రిక్సు కుమారుడు.

ఈ దేశమున రాజునకు కిరీటధారణము లేదు. ఆమ్‌స్టర్‌డాం నగరమందలి న్యూవె కెర్క్ దేవాలయమున కిరీటమును బల్లపై నుంచి, పార్లమెంటు ఉభయసభల యెదుట రాజు రాజ్యాంగమునకు బద్ధుడనని ప్రమాణము చేయును. రాజును త్యజించిన ప్రజలచేత రాజైన వంశమున కింతకంటె తగిన పట్టాభిషేకము వేఱొండు లేదు.