మలుపులో బండి బోల్తా పడకుండా

దెంకణికోట నుంచి అంచెట్టికి అడవి దారిన బస్సులో వచ్చేటప్పుడు, మలుపు తిరిగిన ప్రతిసారీ మీరు పక్కవారి మీదికి ఒరుగుతారు కదా! బండి కూడా అలాగే మలుపుకు బయటివైపు ఒరుగుతుంది. బరువు ఎత్తున ఉండి, వేగం మించితే లోపలివైపు చక్రాలు నేల విడుస్తాయి. ఆపైన బోల్తాయే.

1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక పరీక్ష జరిగింది. దారికి దుప్పి అడ్డొస్తే తప్పుకున్నట్టుగా కారును గబుక్కున తిప్పి చూశారు. మెర్సిడెస్ ఎ-క్లాస్ కారు బోల్తా పడింది. కంపెనీ అమ్మకాలు కొన్ని వారాలు ఆపి, ఆ కార్లన్నిటికీ ఈ.ఎస్.పి. అనే పరికరం అమర్చింది. 1995లో ఖరీదైన కార్లలో మొదలైన పరికరం అలా చిన్నకారుకూ వచ్చింది.

స్టీరింగు ఎటు తిరిగింది, బండి నిజంగా ఎటు పోతోంది అని అది క్షణక్షణం పోల్చుకుంటుంది. తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది, ఇంజను జోరు తగ్గిస్తుంది. 2003లో బి.ఎం.డబ్ల్యు. కార్లలో ముందు చక్రాల మలుపును కూడా యంత్రమే కొంత సర్దే పద్ధతి వచ్చింది.

అయితే, ఎత్తుగా పేర్చిన చింతపండు మూటలను ఏ యంత్రమూ కిందికి దించలేదు. కాబట్టి మలుపు రాకముందే వేగం తగ్గించండి. మూటలపైన మనుషుల్ని ఎక్కించకండి.