ఔత్సాహిక రేడియోకు కంప్యూటర్ నియంత్రణ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
అంతర్జాతీయ రేడియో నిబంధనలు ఔత్సాహిక రేడియో (హ్యామ్ రేడియో) సేవకు పేర్కొన్న లక్ష్యాలలో స్వీయ శిక్షణ మొదటిది. చెవితో వింటూ చేత్తో నాబ్ తిప్పి ట్యూన్ చేయడం చాలాకాలం ఆ శిక్షణలో ప్రధానాంశం. 1980లలో మైక్రోప్రాసెసర్ ఉన్న పరికరాలు వ్యాపించడంతో పౌనఃపున్యం ఒక సంఖ్యగా మారింది. ఆ సంఖ్యను కంప్యూటర్ కూడా పంపగలిగింది. ఈ మార్పు స్వీయ శిక్షణను ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కంపెనీల ఆదేశ భాషలు:
జపాన్‌లోని మూడు ప్రధాన సంస్థలు మూడు పద్ధతులను అనుసరించాయి. యాయెసు తన ‘క్యాట్’ పద్ధతిలో ఒక్కో ఆదేశాన్ని 5 బైట్ల సంకేతంగా రూపొందించింది. ఐకామ్ ‘సీఐ-ఫైవ్’లో ఒకే తీగపై పలు పరికరాలను కలిపి, ఒక్కోదానికి ఒక చిరునామా కేటాయించింది. కెన్‌వుడ్ ఆదేశాలు మనిషి చదవగలిగినవి: ‘ఎఫ్‌ఏ’ అనే అక్షరాలు, 11 అంకెలలో హెర్ట్జ్ విలువ, చివర సెమికోలన్. ఫలితంగా ఒక పరికరానికి రాసిన ప్రోగ్రామ్ మరొకదానికి పనికిరాలేదు.

ఉమ్మడి లైబ్రరీ:
ఈ ఇబ్బందికి 2000లో మొదలైన ‘హ్యామ్‌లిబ్’ పరిష్కారం చూపింది. ప్రోగ్రామ్ ‘పౌనఃపున్యం మార్చు’ అని ఒకే తీరులో అడిగితే, ఈ లైబ్రరీ దానిని ఆయా పరికరాల భాషలోకి మారుస్తుంది. దీని మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు. ఔత్సాహికులే స్వచ్ఛందంగా కొత్త పరికరాలను ఇందులో చేరుస్తూ వచ్చారు.

హ్యామ్‌శాట్ ఉదాహరణ:
2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 ద్వారా కార్టోశాట్-1తో పాటు హ్యామ్‌శాట్ కక్ష్యకు చేరింది. 2014లో ఇది పనిచేయడం ఆగిపోయే వరకు, దీనికి 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో సంకేతం పంపి, 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో వినాల్సి ఉండేది. ఇటువంటి దిగువ కక్ష్యలో డాప్లర్ ప్రభావం వల్ల 435 మెగాహెర్ట్జ్ సంకేతం గరిష్ఠంగా దాదాపు 10 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. మాటకు పట్టే వెడల్పు 3 కిలోహెర్ట్జ్ లోపే. ఉపగ్రహం కనిపించే కొద్ది నిమిషాలలో రెండు పౌనఃపున్యాలనూ ఎడతెగక సరిదిద్దుతూ మాట్లాడడం చేతికి కష్టం. కక్ష్యా వివరాలతో లెక్కకట్టి ఆ సవరణలు పంపే పనిని సాఫ్ట్‌వేర్ సులభం చేసింది.

ముగింపు:
2017లో వచ్చిన ‘ఎఫ్‌టీ8’లో 15 సెకన్ల సందేశాలను కంప్యూటరే విడదీస్తుంది, చెవి విద్యకు అక్కడ పని లేదు. ఇది నిజమైన నష్టమే. అయితే ఆదేశ భాషలు బహిరంగంగా ఉన్నంతకాలం, నాబ్ వద్ద తగ్గిన అభ్యాసం ప్రోగ్రామ్ రచనలో కొనసాగగలదు. అవి మూతపడితే ఔత్సాహికుడు కేవలం వినియోగదారుగా మిగులుతాడు. ఈ చరిత్రలో హ్యామ్‌లిబ్ ప్రాధాన్యం అక్కడే ఉంది.