హోల్‌వుడ్ రాతి ఆసనం

లండన్‌కు ఆగ్నేయంగా కెస్టన్ సమీపాన ఉన్న హోల్‌వుడ్ ఒకప్పుడు బ్రిటన్ ప్రధాని విలియం పిట్ నివాసం కాగా, అక్కడికి మిత్రుడిగా వచ్చిపోయే పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ 1787లో ఒక ఓక్ చెట్టు మొదట ఆయనతో చర్చించి, బానిస వ్యాపార నిషేధాన్ని కామన్స్ సభలో, అంటే ఎన్నికైన ప్రతినిధుల సభలో, ప్రతిపాదించాలని నిశ్చయించుకున్నాడు. 1862లో స్టాన్‌హోప్ ప్రభువు ఆ చెట్టు చెంత రాతి ఆసనాన్ని నెలకొల్పి, విల్బర్‌ఫోర్స్ దినచర్య పుస్తకంలోని సంబంధిత వాక్యాన్ని దానిపై చెక్కించాడు. ఆ సంకల్పం చట్టరూపం దాల్చడానికి 20 ఏళ్లు పట్టింది. పైగా 1807 చట్టం బానిసల వ్యాపారాన్నే నిషేధించగా, అప్పటికే బానిసలైనవారి విముక్తికి 1833 చట్టంతో గాని మార్గం ఏర్పడలేదు. అదీ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను మినహాయించినందున, మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు 1843 నాటి 5వ చట్టంతోనే తొలగిపోయింది.