చివరి బస్సు తర్వాత: ఊత్తుకోట తెలుగు పురుషుల రాత్రి సాన్నిహిత్యాలపై ఒక పరిశీలన

మగవాళ్ళ మధ్య ప్రేమ గురించి మన దగ్గర రాసిన పరిశోధకులకు రాత్రి అంటే పార్కు, రైల్వే స్టేషను, కండోము. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. ఆ తర్వాతే ఈ మగవాళ్ళు పరిశోధనల్లోకి వచ్చారు, అదీ 'రిస్కు' పద్దు కింద. ఎవరితో, ఎన్నిసార్లు అని అడిగారు. మిగిలిన రాత్రంతా ఏం మాట్లాడుకున్నారని అడిగినవాళ్ళు అరుదు.

ఈ విషయంలో నా పేచీ ముఖ్యంగా గాయత్రీ రెడ్డి గారితోనే. హైదరాబాద్ హిజ్రాలపై 2005లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చిన ఆమె గ్రంథానికి ఇజ్జత్ (గౌరవం) ఇరుసు. భర్త కోసం తపించే హిజ్రాల గురించి ఆమె రాశారు, కాదనను. కానీ ఆ గ్రంథం చదివి తయారైన మన విద్యార్థులు ప్రతి మగవాణ్ణీ కోతీ (ఆడతీరున మెలిగే మగవాడు)-పంతీ (అతనికి జోడైన 'మగ' మగవాడు) జతలో ఏదో ఒక వైపు కూర్చోబెట్టేస్తున్నారు. ఇద్దరు మగవాళ్ళు ఇద్దరూ మగవాళ్ళుగానే ఒకరినొకరు కోరుకుంటే ఆ చట్రంలో వాళ్ళకు చోటెక్కడ? ఆ గ్రంథం ఇచ్చిన కొలబద్దే ఇందుకు కారణమని నా వాదన.

ఊత్తుకోటలో నేను విన్నవి ఈ చట్రానికి లొంగవు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ, సత్యవేడు ఆంధ్రకూ వెళ్ళాయి. ఊత్తుకోట అరవ దేశంలోనే ఉంది. ఆరణి నది ఒడ్డునున్న ఈ ఊరి తెలుగువాళ్ళకు బడి అరవం, ఇల్లు తెలుగు. పనికి పోయేది పెరియపాళెం, రెడ్‌హిల్స్ మీదుగా మద్రాసుకే. ఊళ్ళో తలుపు వేసుకోవడానికి విడి గది ఉండదు. నలుగురి నోళ్ళలో పడకుండా ఇద్దరు మగవాళ్ళు గంటసేపు కూర్చునే చోటూ తక్కువే.

ఒకాయన చెప్పిన రాత్రి ఇది. కోయంబేడులో చివరి బస్సు తప్పిపోయింది. పక్కన నిలబడ్డ మనిషి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని, "ఏ ఊరన్నా?" అని అడిగాడు. సత్యవేడు పక్క పల్లె. టీ తాగారు. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారనీ, తనకు ఆడవాళ్ళ మీద మనసు పోదనీ ఇతను బయటపెట్టాడు. అవతలాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ అంతే తమ్ముడా, నాకు పెండ్లయి కూడా పాయె" అన్నాడు. అమ్మ ఉపవాసాలు, చెల్లెలి కట్నం అప్పు, బడిలో అయిన అవమానాలు, అన్నీ వచ్చాయి. చుట్టూ జనం ఉన్నా పక్కవాళ్ళకు అర్థంకాని భాషే ఆ ఇద్దరికీ గది అయింది. "ఒక్కసారి చెయ్యి పట్టుకున్నాడు సార్, అంతే. తెల్లారి బస్సులో ఏడుస్తా వచ్చినా" అని నాతో అన్నాడు. ఇప్పటికీ కలుస్తూనే ఉన్నారు.

సర్వే ఫారంలో ఈ రాత్రికి పడేది సున్నా. నా లెక్కలో అతని జీవితం అక్కడే మలుపు తిరిగింది. మహేశ్ దత్తాని 1998 నాటి నాటకంలో బొంబాయి మిత్రులకు ఒక ఫ్లాటు ఉంది, రాత్రంతా మాట్లాడుకోవడానికి తలుపులున్నాయి. గది లేనివాళ్ళకు ఎదురుచూపే ఆ అవకాశం ఇస్తుంది. మొదటి బస్సు దాకా కదలడానికి వీల్లేని ఆ గంటలే శరీరాన్ని పక్కకు జరిపి మాటను ముందుకు తెస్తాయి. సరిహద్దు తెలుగువాళ్ళలోనే కాదు, దక్షిణాది చిన్న ఊళ్ళన్నిటా స్వలింగ ప్రేమ ఇలాగే పుట్టిందని నేను భావిస్తున్నాను. చేతిలో ఫోను, అందులో యాప్ ఉన్న కుర్రాళ్ళ సంగతి వేరని కొందరనవచ్చు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలపై నేరం ముద్ర తీసేసింది. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట పెళ్ళి హక్కు అడిగితే 2023 అక్టోబరు 17న అదే కోర్టు ఇవ్వలేదు. పెళ్ళి ఒక్కటే కుటుంబానికి దారి కాదని మద్రాసు హైకోర్టు 2025 మేలో అంది. న్యాయస్థానం చూడగలిగిన అనుబంధాన్ని మన పరిశోధన చూడకపోవడం తప్పు. తిరువళ్ళూరు, తిరుపతి జిల్లాల్లో ఇకపై ఈ పని చేసే విద్యార్థులు తమ ప్రశ్నావళిలో ఒక్క ప్రశ్న చేర్చాలని కోరుతున్నాను: ఆ రాత్రి తెల్లారేదాకా మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?